పెనుకొండ సీమలో శరీరాత్మల పోరు

మనిషిలోని పాపస్వభావానికీ, దైవానుగ్రహం వల్ల అతనిలో మొదలయ్యే కొత్త జీవితానికీ మధ్య సాగే పోరును చెప్పడానికి తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో స్థిరపడిన మాటలు 'శరీరము', 'ఆత్మ'. మొదటి శతాబ్దంలో పౌలు అపొస్తలుడు రోమా, గలతీయ సంఘాలకు గ్రీకు భాషలో రాసిన పత్రికలలో ఈ జంటకు 'సార్క్స్', 'న్యూమా' అనే పదాలు వాడాడు. సార్క్స్ అంటే వాచ్యార్థంలో మాంసం. పౌలు వాడుకలో మాత్రం అది దేవుణ్ణి పక్కన పెట్టి స్వశక్తి మీదనే నిలబడాలనుకొనే మానవ ప్రవృత్తి అంతటికీ పేరు. కంటికి కనిపించే దేహాన్ని చెప్పడానికి అతడు సాధారణంగా వాడిన మాట 'సోమా'. తెలుగు బైబిలు ఈ రెండింటికీ చాలాచోట్ల ఒక్క 'శరీరము'నే వాడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మూడు వందల ఏళ్లుగా సాగిన క్రైస్తవ చరిత్రను పరిశీలిస్తే, ఈ ఒక్క మాట ఏ బోధకుని ప్రసంగం కన్నా లోతుగా పనిచేసినట్లు కనిపిస్తుంది. పోరు దేనితో అన్న ప్రశ్నకు ఇక్కడి విశ్వాసి మొదట తన దేహాన్నే చూపుకొన్నాడు. గర్వమూ, కులాభిమానమూ, కక్షా చాలాకాలం ఆ చూపుకు అందలేదు.

పౌలు భావంలోని చిక్కును కొంత వివరించక తప్పదు. రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో మేలు చేయగోరుతూనే కీడు చేసే మనిషి తన దురవస్థను తానే చెప్పుకొంటాడు. ఎనిమిదవ అధ్యాయంలో ఆత్మ వల్ల కలిగే విడుదల వర్ణితమవుతుంది. ఏడవ అధ్యాయంలో మాట్లాడేది ఎవరు, క్రీస్తును ఇంకా ఎరుగని మనిషా, ఎరిగిన తరువాత కూడా తడబడుతున్న విశ్వాసా అన్న దాని మీద పడమటి సంఘాలలో పదిహేను వందల ఏళ్లకు పైగా వాదం నడిచింది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన బిషప్పు అగస్టీను (354–430) తొలుత మొదటి అర్థాన్ని పట్టుకొని, మానవ సంకల్పానికి పెద్దపీట వేసిన పెలేజియసు వర్గంతో తలపడిన దశలో రెండవ అర్థానికి మళ్లాడు. 1515–16లో విటెన్‌బర్గు విశ్వవిద్యాలయంలో రోమా పత్రిక మీద ఉపన్యసించిన మార్టిన్ లూథరు అగస్టీను రెండవ మాటను మరింత బిగించి, విశ్వాసి ఏకకాలంలోనే నీతిమంతుడూ పాపీ అని సూత్రీకరించాడు. దీనికి జవాబుగా 1546లో కతోలికుల ట్రెంటు మహాసభ, జ్ఞానస్నానం తరువాత కూడా మనిషిలో మిగిలి ఉండే దురాశా బీజం పాపం నుంచి పుట్టి పాపం వైపు లాగేదే అయినా, మనిషి దానికి లొంగనంతవరకు అది పాపం కాదని తీర్మానించింది. ఈ భేదం పండితుల తర్కంలా కనిపించవచ్చు గాని ఆచరణలో దాని ఫలం పెద్దది: ట్రెంటు మార్గంలో పోరు దినదిన సాధనగానూ, లూథరు మార్గంలో పశ్చాత్తాపంతో కూడిన విశ్వాసంగానూ రూపుకడుతుంది. పెనుకొండ సీమకు ఈ రెండు మార్గాలూ వేర్వేరు శతాబ్దాలలో, వేర్వేరు వేషాలలో వచ్చాయి.

వచ్చేనాటికి ఇక్కడి నేల ఖాళీగా లేదు. జైనులు తమ నాలుగు ప్రధాన విద్యాపీఠాలలో ఢిల్లీ, కొల్హాపురం, జినకంచిలతో పాటు పెనుకొండను లెక్కించేవారు. దేహాన్ని ఉపవాసంతో కృశింపజేసి కర్మను రాల్చుకోవడమనే ఆలోచన ఈ కొండ కింద ఎంతో పాతది. అదే ఊరిలోని బాబయ్య దర్గా, తిరుచిరాపల్లి నథర్ వలీ శిష్యపరంపరకు చెందిన బాబా ఫక్రుద్దీన్ పేర వెలసింది. మనిషిని కిందికి లాగే నీచమైన 'నేను'ను సూఫీలు నఫ్స్ అంటారు, దానితో చేసే యుద్ధమే అన్ని యుద్ధాలలోకీ పెద్దదంటారు. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన, పైవేషాన్ని ఎద్దేవా చేసి లోపలి మలినాన్ని కడుక్కొమ్మన్నవాడు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం అనే ఆరుగురు లోపలి శత్రువుల లెక్క, అంటే అరిషడ్వర్గం, చదువురాని రైతుకు కూడా తెలిసిన సంగతి. పడమటి సంఘాలు బోధించిన ఏడు మూలపాపాల పట్టికతో దీన్ని పోల్చితే పేర్లు చాలావరకు కలుస్తాయి గాని మొదలు మాత్రం కలవదు: అరిషడ్వర్గం కామంతో మొదలవుతుంది, ఆరవ శతాబ్దం చివర పోపు మొదటి గ్రెగరీ సరిదిద్దిన పట్టిక గర్వాన్ని అన్నింటికీ తల్లిగా నిలబెట్టింది. ఈ చిన్న తేడాను తెలుగు నేలలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే తరువాతి కథ మరోలా నడిచేదేమో.

తళ్లికోట యుద్ధం (1565) తరువాత విజయనగర రాజ్యానికి పెనుకొండ రాజధాని అయింది. రెండవ వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చిన తరువాత, 1598లో పోర్చుగీసు ఆశ్రయంలోని జెసూయిట్ గురువులు అక్కడి కొలువుకు వెళ్లారు. జెసూయిట్లంటే ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో స్థాపించిన 'యేసు సభ' అనే సన్యాస సంఘంవారు. ఆ రాకపోకలు కొలువులో మతచర్చలతో, చిత్రపటాల బహూకరణతో సరిపోయాయే తప్ప పల్లెలదాకా దిగలేదు. పల్లెలకు దిగింది వంద సంవత్సరాల తరువాత పుదుచ్చేరి నుంచి బయలుదేరిన ఫ్రెంచి జెసూయిట్లు. 18వ శతాబ్దం మొదటి ఏళ్లలో మోదుయీ, బూషే, ల గాక్ వంటివారు నడిపిన ఈ కర్ణాటక మిషను పుంగనూరు, చిక్కబళ్లాపురం మీదుగా ఉత్తరానికి పాకి, నేటి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ప్రాంతంలోని కృష్ణాపురం వరకు వచ్చింది. ల గాక్ 1709లో చిక్కబళ్లాపురం నుంచి, 1718లో కృష్ణాపురం నుంచి రాసిన లేఖలు పారిసులో అచ్చయిన జెసూయిట్ లేఖా సంపుటాలలో చోటు చేసుకొన్నాయి. వైష్ణవ దాసరులు తమను ఊళ్ల నుంచి వెళ్లగొట్టించడానికి చేసిన యత్నాలు, పాళెగాళ్ల మనసు గడియకో రకంగా మారడం, కరవు, దండ్ల రాకపోకలు ఆ లేఖల నిండా ఉంటాయి.

ఈ గురువులు ఫ్రెంచి గురువులుగా కనిపించడానికి ఇష్టపడలేదు. 1606లో మధురైకి చేరిన రాబర్టు దె నొబిలి చూపిన దారిలో వారు కాషాయం కట్టి, మాంసం, మద్యం మాని, అన్నం, కూరలు, పాలతో ఒంటిపూట భోజనం చేస్తూ సన్యాసులుగా తిరిగారు. పరంగివాడంటే మాంసం తినేవాడు, తాగేవాడు, శుచి లేనివాడు అన్న లోకాభిప్రాయం నుంచి తప్పించుకోవడానికి వేసిన ఎత్తుగా దీన్ని చూసినవారు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు గాని మాట అంతటితో పూర్తికాదు. ఇగ్నేషియస్ రచించి 1548లో అచ్చయిన 'ఆధ్యాత్మిక సాధనలు' అనే గ్రంథం, మనసు లాగే దిక్కుకు ఎదురుగా నడవమని ప్రతి జెసూయిట్‌కూ నేర్పింది. ఒక్కొక్క దోషాన్ని ఎంచుకొని, రోజుకు రెండు గీతలు గీసి, ఎన్నిసార్లు ఆ దోషంలో పడితే అన్ని చుక్కలు వాటి మీద పెట్టి, నిన్నటికీ నేటికీ చుక్కలు తగ్గాయా లేదా అని సరిచూసుకొనే పద్ధతి అందులోదే. అంగడిలో చిట్టావర్జె రాసే కోమటి కూడా మెచ్చుకోదగ్గ లెక్క ఇది. ఇలాంటి శిక్షణలో పెరిగినవారికి కాషాయం, ఒంటిపూట భోజనం ఉత్త వేషం కాదు; తమ దేశంలో గదిలో కూర్చొని చేసే పోరును ఇక్కడ బజారులో నలుగురూ చూసేలా చేశారు.

వారి శిష్యులకు అందిన మాటలు కూడా ఈ నేలవే. దేవుడు 'సర్వేశ్వరుడు' అయ్యాడు. బాప్తిస్మం 'జ్ఞానస్నానం' అయింది. ఆదాము నుంచి సంక్రమించిన దోషం 'జన్మపాపం'గా, గురువు చెవిలో పాపాలు చెప్పి క్షమాపణ పొందడం 'పాపసంకీర్తనం'గా తెలుగు కతోలికుల నోట నిలిచాయి. యేసు శ్రమలను తలచుకొనే నలభై రోజుల తపస్సుకాలంలో విశ్వాసులు 'ఒక్కపొద్దు' ఉంటారు, మాంసం మాని 'శుద్ధభోజనం' చేస్తారు. ఆ కాలం 'విభూతి బుధవారం'తో మొదలవుతుంది. నుదుట విభూతి శైవుల గుర్తు, ఒక్కపొద్దు తిరుమల మొక్కులవారి అలవాటు. జన్మపాపం అన్న మాటలో మాత్రం ఒక ఇబ్బంది దాగి ఉంది: పూర్వజన్మ కర్మను నమ్మే వినికిడికి అది వెనకటి జన్మలో చేసిన పాపంగా తోచే అవకాశం ఉంది, బోధించేవారి ఉద్దేశం పుట్టుకతో వచ్చిన దోషమని. ఉపదేశుల శ్రమలో చాలా భాగం, అంటే జ్ఞానస్నానానికి ముందు వారాల తరబడి ప్రశ్నోత్తరాలు వల్లె వేయించే స్థానిక బోధకుల శ్రమలో చాలా భాగం, ఇలాంటి అర్థాల ముళ్లను విప్పడానికే పోయి ఉండాలి. ఆత్మకు ముగ్గురు శత్రువులున్నారని, వారు లోకం, శరీరం, పిశాచమని కతోలిక ఉపదేశం నేర్పుతుంది. ఆరుగురిని లెక్కపెట్టడం అలవాటైన చోట ముగ్గురిని లెక్కపెట్టడం కష్టం కాలేదు.

కృష్ణాపురంలో 1730లలో పనిచేసినవారిలో గాస్తోఁ లొరాఁ కెర్దూ (1691–1779) ఒకరు. తెలుగు నిఘంటువులు కూర్చిన ఈ జెసూయిట్, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ గల బంధుత్వాన్ని 1760లలో పారిసు పండితులకు రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పింది 1786లో. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము' పేర తెలుగు పద్యకావ్యంగా రచించాడు. రోగం పాపమైతే వేదాంతం మందు అన్న భావన ఆ పేరులోనే ఉంది. కతోలిక బోధ తెలుగు పండిత మర్యాదను ఎంతగా ఒంటబట్టించుకొన్నదో చెప్పడానికి ఈ ఒక్క కావ్యం చాలు.

అయితే శరీరాన్ని జయించడానికి కట్టిన కాషాయమే ఒకచోట ఆ గురువులను పట్టి ఆపింది. అగ్రకులాలవారు గౌరవించే సన్యాసి మాలపల్లెలోని గుడిసెలోకి బహిరంగంగా వెళ్లకూడదు. వెళితే ఊరిలో అతని మాట చెల్లదు. అందుచేత చావుబతుకుల్లో ఉన్న మాల క్రైస్తవుణ్ణి అతని ఇంటికి పోయి చూడడం కూడా కష్టమైంది. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన, తరువాత కార్డినల్ అయిన తూర్నోఁ 1704లో జారీచేసిన శాసనం తప్పుపట్టిన విషయాలలో ఇది ముఖ్యమైనది. 'మలబారు ఆచారాల వివాదం' అని పేరుపడిన ఈ తగవు నలభై ఏళ్లు నలిగి, 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్టు శాసనంతో తీరింది. జెసూయిట్లు చూపిన సర్దుబాటు, అంటరాని కులాలవారికి వేరే గురువులను నియమించడం. ఆహారం మీద, నిద్ర మీద, కోపం మీద అంత కఠినంగా లెక్క రాసుకొన్న మనుషులు కులపు గీత దగ్గరకు వచ్చేసరికి గీతకు చెరో వైపున వేర్వేరు గురువులను పెట్టి ఊరుకున్నారు. పౌలు చెప్పిన సార్క్స్ ఆ గీతలోనే ఎక్కువగా ఉందని వారికి తోచకపోవడం ఆశ్చర్యమే గాని, ఆ కాలపు ఐరోపాలో ప్రభువుకూ దాసునికీ గుడిలో వేర్వేరు పీటలుండేవన్న సంగతి కూడా మరవరాదు.

హైదరాలీ, మరాఠాల యుద్ధాలు, వాటి వెంట వచ్చిన కరవులు ఈ సంఘాలను చెదరగొట్టాయి. రెడ్డి కతోలిక కుటుంబాలు కొన్ని తూర్పున గుంటూరు సీమ వైపు తరలిపోయి ఫిరంగిపురం వంటి ఊళ్లలో కుదురుకొన్నాయి. 1773లో పోపు యేసు సభనే రద్దుచేయడంతో మిషను పారిసు విదేశీ మిషనుల సంఘం చేతికి పోయింది. మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేర కట్టించిన హిందూపురం అప్పటికి పెరుగుతున్న కొత్త ఊరు. పాత కృష్ణాపురం మిషను ఆ ఊరి చరిత్రలో దాదాపు ఆనవాలు లేకుండా పోయింది.

రెండవ మార్గం పుస్తకంగా వచ్చింది. జర్మనీలోని హాలె నగరం నుంచి వచ్చిన లూథరను బోధకుడు బెంజమిన్ షుల్జె మద్రాసులో 1727 నాటికి కొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగు చేశాడు. అవి అచ్చు కాలేదు గాని 1746లో హాలెలో అతడు అచ్చువేయించిన చిన్న బోధ పుస్తకాలు తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలుగా నిలిచాయి. హాలె వారిది భక్తివాదం. క్రైస్తవ కుటుంబంలో పుట్టడం చాలదనీ, ప్రతి మనిషీ పశ్చాత్తాపపు పెనుగులాట ఒకటి దాటి కొత్త జన్మ పొందాలనీ వారి గురువు ఫ్రాంకె బోధించాడు. తరువాత లండన్ మిషను వారు 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చారు. క్రాన్, డెస్‌గ్రాంజిస్, ప్రిచెట్, గోర్డన్, వార్డ్‌లా, హే అనే వరుస చేతుల మీదుగా దిద్దుబాట్లు పొందుతూ 1854 నాటికి సంపూర్ణ తెలుగు బైబిలు ముద్రితమైంది. అదే లండన్ మిషను 1810లో జాన్ హ్యాండ్స్‌ను బళ్లారికి పంపింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోనిదే కనుక ప్రొటెస్టెంటు బోధ ఇక్కడికి మొదట ఆ దిక్కు నుంచే వీచింది.

ఈ అనువాదకులు సార్క్స్‌కు 'మాంసము' అనకుండా 'శరీరము' అనడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మాంసం అనగానే తెలుగువాడికి వండుకొనేది గుర్తుకొస్తుంది. ప్రవృత్తి, స్వభావం వంటివి పండితుల మాటలు. శరీరం అందరికీ తెలిసినదీ, శాస్త్రాలలో ఆత్మకు ఎదురుగా నిలబెట్టి చెప్పడం అలవాటైనదీ. చిక్కు కూడా అక్కడే ఉంది. వేదాంతంలో ఆత్మ అంటే శరీరాన్ని చొక్కాలా విడిచిపోయే జీవుడు. పౌలు చెప్పిన ఆత్మ మనిషిలోని జీవుడు కాదు, మనిషిలో నివసించడానికి వచ్చే దేవుని ఆత్మ. ఆత్మానుసారంగా నడవడమంటే దేహాన్ని తోసిపుచ్చి లోపలి జీవుణ్ణి వెతుక్కోవడమని వినేవారు అనుకొంటే తప్పు వారిది కాదు. గలతీయ పత్రికలో పౌలు 'శరీరకార్యాలు' అంటూ చెప్పిన పట్టికలో పదిహేను దోషాలున్నాయి. వాటిలో దేహసుఖానికి సంబంధించినవి కొన్ని మాత్రమే. సగానికి పైగా ద్వేషం, కలహం, మత్సరం, కక్షలు, భేదాలు వంటి మనిషికీ మనిషికీ మధ్య పుట్టే విషాలు. పట్టిక చదివినా, దానికి పైన ఉన్న 'శరీర' అనే శీర్షిక కల్లుకుండనే చూపించింది.

1876–78 నాటి ధాత కరవు బళ్లారి, అనంతపురం సీమలను పీల్చి పిప్పిచేసింది. ఆ కరవుకు ముందూ వెనుకా తెలుగు దేశమంతటా మాలలు, మాదిగలు వాడలు వాడలుగా క్రైస్తవంలోకి వచ్చారు. రాయలసీమలో కడప, గుత్తి, అనంతపురం కేంద్రాలుగా లండన్ మిషను సంఘాలు పెరిగాయి. ఒంగోలు బాప్టిస్టు మిషనులో 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య కథ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అతడు అంతకుముందే రాజయోగ మార్గంలో ఉపదేశం పొందిన మాదిగ గురువు. దేహాన్ని అదుపులో పెట్టడం అతనికి మిషనరీ నేర్పవలసిన విద్య కాదు. ఒంగోలులో మిషనరీ క్లౌ కొత్తవారికి పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కరాదు, ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఇతర మిషనులలోనూ కాస్త హెచ్చుతగ్గులతో ఇవే నియమాలు, వాటికి తోడు కల్లు, సారా మానడం, జాతర్లలో దేవతల ముందు డప్పు కొట్టకపోవడం.

ఈ నియమాల బరువు మాదిగవాడలో ఎంతో బయటివారికి సులభంగా అందదు. చచ్చిన పశువును ఈడ్చుకుపోయి తోలు తీయడం, ఆ మాంసం తినడం, జాతరకు డప్పు పట్టడం ఊరితో ఆ వాడకున్న ఒప్పందంలో భాగాలు. వాటికి ప్రతిఫలంగానే కళ్లం దగ్గర రైతు కొలిచే గింజలు. డప్పు దించిన మాదిగ తన పాపంతోనే కాక తన కూటితోనూ పోరాడవలసి వచ్చింది. అందుచేత ఇక్కడ శరీరాత్మల పోరు జెసూయిట్ సన్యాసి ఒంటరి సాధనలా ఉండక, వాడ మొత్తం కలిసి ఊరికి ఎదురు నిలిచే వ్యవహారమైంది. కతోలికుడికి గురువు చెవి ఎలాంటిదో ఈ సంఘాలకు సభ్యుల పట్టీ అలాంటిది: తాగిపడినవాడు, జాతరకు పోయినవాడు, రెండో మనువు చేసుకొన్నవాడు పెద్దల ముందు నిలబడాలి, ఒప్పుకొని పశ్చాత్తాపపడేదాకా అతణ్ణి ప్రభువు బల్లకు దూరం పెడతారు. ప్రభువు బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసాలతో క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకొనే సంస్కారం. 'బల్ల ఆపారు' అనిపించుకోవడం పల్లె క్రైస్తవునికి నేటికీ తలవంపే.

ఆ క్రమశిక్షణ చేసిన మేలు కొట్టివేయదగినది కాదు. తాగుడు తగ్గిన ఇంట పిల్లలు బడికి పోయారు, బడికి పోయినవారు ఉపదేశులూ, ఉపాధ్యాయులూ అయ్యారు. కాని పట్టీ పట్టుకోగలిగింది కంటికి కనపడే తప్పులనే. మాల క్రైస్తవులూ మాదిగ క్రైస్తవులూ ఒకే బల్ల దగ్గర చేరినా పెళ్లి సంబంధాలు కలుపుకోకపోవడం ఏ పెద్దల సభ ముందుకూ దోషంగా రాలేదు. రాయలసీమలో 'కక్షలు' అన్న మాటకు బైబిలు అర్థం కన్నా ఊరి అర్థమే బలమైనది; కల్లు తాగినవాడి పేరు కొట్టేసిన సంఘాలలో, ఊరి ముఠాల వెంట రెండుగా చీలి ఏళ్ల తరబడి పలకరించుకోనివారు ఒకే వరుసలో మోకాళ్లూనిన సందర్భాలు తక్కువేమీ కాదు. గర్వాన్ని పాపాలన్నింటికీ తల్లిగా నిలబెట్టిన గ్రెగరీ పట్టిక ఇక్కడ అక్కరకు వచ్చేది గాని, ప్రొటెస్టెంటులు ఆ పట్టికను రోముదని పక్కన పెట్టారు.

గుంతకల్లు నుంచి బెంగుళూరుకు పోయే రైలుమార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను ఒకే తీగ మీద గుచ్చిన తరువాత మూడవ బోధ వచ్చింది. 1893లో ఏర్పడిన సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ ఈ దక్షిణ తాలూకాలను తన పనిప్రాంతాలలో ఒకటిగా చేసుకొంది. హడ్సన్ టేలరు 1865లో చైనాలో పని కోసం స్థాపించిన మిషను నమూనాలో నడిచిన ఇలాంటి సంస్థలను విశ్వాస మిషనులంటారు. వాటి బోధకులకు స్థిరమైన జీతం ఉండదు, ఎవరినీ చందా అడగరు, వచ్చిన దానితో సరిపెట్టుకొంటారు. ఈ మిషనుల వెనుక ఉన్న బోధ 1875లో ఇంగ్లాండులోని కెజిక్ అనే ఊరిలో మొదలైన వార్షిక సభలది. కెజిక్ బోధకుల దృష్టిలో రోమా ఏడవ అధ్యాయం విశ్వాసి కాపురం ఉండవలసిన ఇల్లు కాదు. ఓడిపోయే పోరును ఆపి, తన్ను తాను పూర్తిగా దేవునికి అప్పగించుకొంటే ఎనిమిదవ అధ్యాయంలోకి నడిచిపోవచ్చు. దీనినే తెలుగులో 'విజయ జీవితం' అన్నారు, ఆ అప్పగింతను 'సంపూర్ణ సమర్పణ' అన్నారు. జెసూయిట్ చుక్కల లెక్కకూ, సంఘపు పట్టీకీ ఇది పూర్తిగా ఎదురు దిక్కు.

స్వయంప్రయత్నంతో కాక సమర్పణతో గెలవమనే ఈ మాట తెలుగు చెవికి శరణాగతిలా వినిపించింది; పిల్లిపిల్లను తల్లి నోట కరచుకొని పోయినట్లు భగవంతుడే మోసుకుపోతాడన్న వైష్ణవుల మార్జాల న్యాయం తెలిసిన దేశం కదా. 1941లో మద్రాసులో స్వతంత్ర సహవాసాన్ని స్థాపించి, తరువాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా ఆంధ్రదేశమంతటా సంఘాలను నాటిన భక్తసింగ్ (1903–2000) ప్రభావం ఈ భావాన్ని పల్లె పల్లెకూ చేర్చింది. చైనా బోధకుడు వాచ్‌మన్ నీ రోమా పత్రిక మీద చేసిన ప్రసంగాల సంపుటి 1957లో మొదట వెలువడింది బొంబాయిలోనే. మనిషిని దేహం, ప్రాణం, ఆత్మ అని మూడుగా విడదీసే అతని వివరణ తెలుగు సహవాసాలలో గట్టిగా నాటుకొంది. ఇది పాత చిక్కును కొంత విప్పి, కొంత బిగించింది. పోరు దేహంతో మాత్రమే కాదని చెప్పింది. అదే సమయంలో మనిషి తెలివినీ అభిరుచినీ కూడా 'ప్రాణసంబంధం' అని అనుమానించడం నేర్పింది. సంఘంలో ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి 'శరీరంలో మాట్లాడుతున్నాడు' అని నోరు మూయించే అలవాటు ఈ మలుపులో బలపడిందే, పౌలు చూస్తే నొచ్చుకొనేదే.

పెనుకొండ సీమలో మిషనరీల కాలం నిశ్శబ్దంగా ముగిసింది. లండన్ మిషను సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ 1968లో మరో మిషనుతో కలిసి పేరు మార్చుకొని, 1989లో మరింత పెద్ద సంస్థలో విలీనమైంది. కతోలికులు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కిందికి వచ్చారు. మూడు పట్టణాలూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ధర్మవరంలో పట్టుమగ్గాల వీధుల పక్కన, హిందూపురంలో బెల్లం, చింతపండు అంగళ్ల వెనుక వెలసిన అనేక ప్రార్థనా మందిరాలలో నేడు శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు, రాత్రి మెలకువ ప్రార్థనలు జరుగుతాయి. శరీరాన్ని నలగగొట్టుకోవడమనే పాత మాటే అక్కడ వినిపిస్తుంది.

ఇటీవలి సరళ అనువాదాలు కొన్నిచోట్ల 'శరీరము'ను విడిచి 'శరీర స్వభావం' అంటున్నాయి, ఆలస్యంగానైనా సరైన దిద్దుబాటు. కతోలికులు 'పవిత్రాత్మ' అంటారు, ప్రొటెస్టెంటులు 'పరిశుద్ధాత్మ' అంటారు. ఆత్మకు ముందు చేర్చవలసిన విశేషణం మీద ఈ రెండు వర్గాలకూ నేటివరకు రాజీ కుదరలేదు. శత్రువు పేరు మాత్రం ఇద్దరి వాడుకలోనూ ఒకటే, శరీరం.